మాజిక్ కార్డుల ప్రపంచ పోటీ : ఒక గణిత పాఠము

పేకాట యనగానే మన యిండ్లలో పెద్దలు ముఖము చిట్లింతురు. అందు వారి తప్పేమియు లేదు. పేకముక్కలు పట్టి పొలములు పోగొట్టుకొన్నవారి కథలు ప్రతి యూరను వినబడుచునే యుండును. కాని యీ వ్యాసమున చెప్పబోవు పేక వేఱు. అందు రాజు, రాణి, జాకీలుండరు, ఆటీను, ఇస్పేటులుండవు. దానిని కల్పించినవాడు గణితోపాధ్యాయుడు. 1994వ సంవత్సరమున మొట్టమొదటి ప్రపంచ విజేతను ఎన్నుకొన్నది మొదలు పలు దేశములలో దాని పోటీలు జరిగినవి. అందు గెలుచుటకు చేతివాటముకన్న లెక్కయే యెక్కువ అక్కఱకు వచ్చును. కావుననే దీనిని గణితపాఠముగా మీ ముందుంచుచున్నాను. తలిదండ్రులు చదువదగిన సంగతి యొకటి నడుమ గలదు. అది డబ్బునకు సంబంధించినది.

ఈ యాట పేరు ‘మాజిక్ : ది గాదరింగ్’. క్లుప్తముగా మాజిక్ అందుము. దీనిని కల్పించిన రిచర్డు గార్ఫీల్డు 1963లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. వస్తువులను ఎన్ని విధముల ఏర్చి కూర్పవచ్చునో లెక్కించు సంయోగ గణితమున పరిశోధన చేసి, 1993లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందెను. తరువాత వాషింగ్టన్ రాష్ట్రములోని విట్మన్ కళాశాలలో గణితము బోధించెను. ఇతని ముత్తాత తండ్రి జేమ్సు గార్ఫీల్డు 1881లో అమెరికా అధ్యక్షుడైనవాడు. ఆయన 1876లో, కాంగ్రెసు సభ్యుడుగా నున్నపుడు, పైథాగరస్ సిద్ధాంతమునకు ఒక క్రొత్త నిరూపణమును ప్రకటించెను. రెండు సమానమైన లంబకోణ త్రిభుజములను, వాని కర్ణములు రెండును భుజములుగా గల మఱియొక లంబకోణ త్రిభుజమును చేర్చిన ఒక ట్రెపీజియము ఏర్పడును. దాని వైశాల్యమును రెండు విధముల లెక్కించుటయే యా నిరూపణము. పై తరగతులవారు కాగితముపై గీచి చూడుడు; అయిదు నిమిషముల పని. లెక్కల పిచ్చి యీ కుటుంబమున ముందునుండియు నున్నదని చెప్పుటకే యీ ముచ్చట.

గార్ఫీల్డు మొదట వేఱొక ఆటను పట్టుకొని పీటర్ ఆడ్కిసన్ అను వ్యాపారియొద్దకు వెళ్లెను. ఆడ్కిసన్ నడపుచున్న ‘విజార్డ్స్ ఆఫ్ ది కోస్టు’ అప్పటికి చిన్న సంస్థ. ఆ ఆటకు కావలసిన బల్లలు, బొమ్మలు చేయించుటకు ఖర్చు తట్టుకొనలేమని ఆయన చెప్పి, చవుకగా అచ్చువేయదగినదియు, సంచిలో పట్టునదియు, కొద్దిసేపటిలో ముగియునదియు నగు ఆటను చేసి తెమ్మనెను. ఆ కోరికనుండి పుట్టినది మాజిక్. 1993 ఆగస్టు నెలలో అది అమ్మకమునకు వచ్చెను. ముక్కలను బెల్జియము దేశమున అచ్చొత్తించిరి. మొదటి ముద్రణము 26 లక్షల ముక్కలు. అవి త్వరలోనే చెల్లిపోయెను.

మన పేకలో అందరికి నవే 52 ముక్కలు. పులిజూదమున అందరికి నదే గీతల పటము. మాజిక్‌లో నట్లు కాదు. ఎవరి పేకను వారే ఇంటివద్ద కూర్చుకొని తెచ్చుకొందురు. వేలకొలది రకముల ముక్కలు అచ్చుపడియుండగా వానినుండి కనీసము 60 ముక్కలు ఏర్చుకొనవలెను. ఒక పేరుగల ముక్క నాలుగింటికి మించి యుండరాదు. మైదానము, ద్వీపము, చిత్తడినేల, పర్వతము, అడవి అను అయిదు సాధారణ నేలల ముక్కలకు మాత్రము ఈ పరిమితి లేదు. ఆటగానికి మొదట 20 ఆయువు. చేతికి 7 ముక్కలు వచ్చును. ఆపై తన వంతు వచ్చినపుడెల్ల ఒక్కొక్కటి తీసికొనును. వంతునకు ఒక నేలముక్కను పఱచవచ్చును. నేలలనుండి శక్తి పుట్టును. ఆ శక్తితో ప్రాణులను పిలుచుట, మంత్రములు వేయుట జరుగును. ఎదుటివాని ఆయువును సున్నకు తెచ్చినవాడు గెలిచినట్లు. గెలుచుటకు వేఱు మార్గములును గలవు గాని మన పాఠమునకు ఇది చాలును.

ఇప్పుడు లెక్కకు వత్తము. నేలలు తక్కువైనచో చేతిలో ఎంత గొప్ప మంత్రమున్నను వేయుటకు శక్తి చాలదు. నేలలు ఎక్కువైనచో శక్తి యుండియు వేయుటకు మంత్రముండదు. రైతునకు నీరును, విత్తనమును రెండును కావలసినట్లే. కావున 60 ముక్కల పేకలో నేలలెన్ని యుండవలెను? చాలమంది ఆటగాండ్రు 24కు అటునిటుగా పెట్టుకొందురు. ఎందుకో చూతము.

60 ముక్కలనుండి 7 ముక్కలను ఏర్చు విధములు 38,62,06,920. మీరు నేర్చిన సంయోగముల సూత్రముతో దీనిని సరిచూచుకొనవచ్చును. నేలలు 24 అయినచో మిగిలినవి 36. ఒక్క నేలయు లేకుండ 7 ముక్కలు వచ్చు విధములు 83,47,680. దీనిని పై సంఖ్యచే భాగింపగా నూటికి సుమారు 2.2 వంతులు. ఒక్కటే నేల వచ్చుటకు 24ను, 36నుండి 6 ఏర్చు విధములచే గుణింపవలెను. అది నూటికి 12.1. రెండు నేలలకు 26.9, మూడింటికి 30.9, నాలుగింటికి 19.6, అయిదింటికి 6.9. ఆఱు, ఏడు కలిపి నూటికి ఒకటిన్నరకు లోపు. అనగా రెండు మొదలు నాలుగు వఱకు, ఆటకు అనుకూలమైన నేలలు వచ్చుట నూటికి 77 సార్లు. మిగిలిన 23 సార్లు చిక్కే. మొదటి చేతిముక్కలు నచ్చనిచో వానిని మార్చుకొనుటకు అనుమతి గలదు. కాని దానికి వెల చెల్లింపవలెను. 2019నుండి వచ్చిన నియమము ప్రకారము అన్నిటిని కలిపి మరల 7 తీసికొని, వానిలో ఒకదానిని పేక అడుగున పెట్టవలెను. రెండవసారి మార్చినచో రెండు. ఎంతటి చేతిని ఉంచుకొనవలెను, ఎట్టిదానిని వదలవలెను అను నిర్ణయమే ఆటలో మొదటి పరీక్ష. ముందుగా లెక్క చేసినవానికిని, ధైర్యముమీద ఆధారపడినవానికిని ఇచ్చటనే భేదము తెలియును.

మఱియొక ప్రశ్న. పేక కనీసము 60 ముక్కలన్నారు గాని గరిష్ఠమునకు అంత పట్టింపు లేదు. మంచి ముక్కలన్నిటిని వేసికొని 80 చేసికొనరాదా? ఒక మేలైన ముక్క నాలుగు ప్రతులున్నవనుకొనుడు. 60 ముక్కల పేకలో మొదటి యేడింటిలో దానిలో ఒకటియైనను వచ్చుట నూటికి సుమారు 40 సార్లు. (రాకుండుటను ముందు లెక్కించి ఒకటినుండి తీసివేయుట సులభమార్గము.) పేక 80 అయినచో అది 31కి దిగును. మంచివానిని చేర్చుకొన్నకొలది మిక్కిలి మంచిది దూరమగును. అందుచేత ప్రపంచ పోటీలకు వచ్చువారు సాధారణముగా 60 మీద ఒక్క ముక్కయు చేర్చరు.

ఈ లెక్కలన్నిటికి మూలము పేక బాగుగా కలిసియుండుట. డేవ్ బేయర్, పెర్సీ డయకోనిస్ అను ఇద్దఱు గణితజ్ఞులు 1992లో ఒక వ్యాసము ప్రకటించిరి. 52 ముక్కల పేకను రెండు భాగములు చేసి ఒకదానిలోనికి ఒకటి జొనుపుచు కలిపినచో ఇంచుమించు ఏడుసార్లు కలుపవలెనని వారు తేల్చిరి. రెండు మూడు సార్లు కలిపి చాలుననుకొనువారు చాలమంది. పోటీలలో తన పేకను తాను కలిపిన పిమ్మట ఎదుటివానికి అందింపవలెను, అతడును కలుపును. ఇది అనుమానముచే పుట్టిన నియమమని కొందఱందురు. నాకు మాత్రము ఇది మర్యాదగానే తోచును: నీ పేక నా చేతులలోనుండియు పోయినది గనుక ఫలితముపై ఇద్దఱకును నోరెత్తుటకు వీలుండదు. సందేహము వచ్చినచో చేయి యెత్తి న్యాయనిర్ణేతను పిలువవలెను, తరగతిలో మీరెత్తినట్లే.

పోటీ మొదలు కాకముందే పేకలోని ముక్కల పట్టికను వ్రాసి యిచ్చివేయవలెను. ఆ తరువాత మార్చుటకు వీలులేదు. 1996లో సియాటిల్ నగరమున జరిగిన ప్రపంచ పోటీకి ఆస్ట్రేలియానుండి టామ్ చాంఫెంగ్ వచ్చెను. ఇతని పేక తెల్లరంగు ప్రాణులతో నిండినది; అందు నీలిరంగు మంత్రము ఒక్కటి, దానికి శక్తి నిచ్చుటకు రెండు రంగులకు పనికివచ్చు నేలలు నాలుగు. పట్టిక వ్రాయునపుడు ఆ నాలుగు నేలలను వ్రాయ మఱచెను. ఫలితముగా వాని స్థానమున తెల్లరంగు శక్తినిచ్చు సాధారణ మైదానములను పెట్టుకొనవలసి వచ్చెను. నీలి మంత్రము పేకలో నుండియు వేయుటకు వీలుకాని బరువైపోయెను. ఆ బరువుతోనే అతడు చివరివఱకు ఆడి, అమెరికాకు చెందిన మార్క్ జస్టిస్‌ను ఓడించి ప్రపంచ విజేత యయ్యెను. బహుమానములలో నొకటిగా లోకమున మఱియొక ప్రతి లేని ముక్కను అతనికై అచ్చొత్తించి యిచ్చిరి. జవాబు పత్రముపై క్రమసంఖ్య వేయ మఱచువారు ఈ కథలోని మొదటి సగమునే జ్ఞాపకముంచుకొందురు గాక. రెండవ సగము అందఱికి జరుగదు.

మొదటి ప్రపంచ పోటీ 1994 ఆగస్టులో అమెరికాలోని మిల్వాకీ నగరమున జరిగెను. 512 మంది ఆడిరి. ఓడినవాడు వెంటనే వెడలిపోవు నాకౌటు పద్ధతి. 512 అనగా 2ను తొమ్మిదిసార్లు వేసి గుణించినది. కావున తొమ్మిది వరుసలలో ఒక్కడు మిగులును. అట్లు మిగిలినవాడు అమెరికాకు చెందిన జాక్ డోలన్. కడపట ఓడినవాడు ఫ్రాన్సు దేశీయుడగు బెర్ట్రాండ్ లెస్ట్రే. ఈ పద్ధతి చూచుటకు సరళమే గాని యదృష్టము పాలు హెచ్చు. ప్రతి పందెమునను నూటికి 60 సార్లు గెలువగల సమర్థుడున్నాడనుకొనుడు. అతడు తొమ్మిదియు వరుసగా గెలుచు సంభావ్యత ఎంత? 0.6ను తొమ్మిదిసార్లు గుణింపుడు: నూటికి ఒక్కటి. 70 సార్లు గెలువగల మహాసమర్థునకును నూటికి నాలుగే.

అందుచేత తరువాతి సంవత్సరములలో స్విస్ పద్ధతి ప్రధానమయ్యెను. ఇది 1895లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున చదరంగపు పోటీలో మొదలైనది. పేరు అందుచేతనే వచ్చినది. ఇందు ఓడినవానిని పంపివేయరు. గెలిచినవానికి మూడు మార్కులు, సమానమైనచో ఒకటి. ప్రతి వరుసలోను సమానమైన మార్కులు గలవారినే జతపఱతురు. గెలిచినకొలది గట్టివాడెదురగును; ఓడినవాడు తనవంటివానితో ఆడి తేరుకొనవచ్చును. మార్కులు సమానమైనపుడు ఎవరి ప్రత్యర్థులు ఎక్కువ గెలిచిరో చూతురు: గట్టివారితో ఆడి తెచ్చుకొన్న మార్కులకు విలువ యెక్కువ యన్నమాట. పలు వరుసల పిమ్మట ముందున్న కొద్దిమంది మాత్రము, చాల పోటీలలో ఎనమండ్రు, నాకౌటు ఆడుదురు. మన పాఠశాలల మధ్య జరుగు ఆటల పోటీలలో దూరమునుండి వచ్చిన జట్టు మొదటి గంటలోనే ఓడి తిరిగిపోవుట చూచినప్పుడెల్ల ఈ పద్ధతిని ఇచ్చటను పెట్టరాదా యని నాకు తోచుచుండును.

ఇంత చేసినను అదృష్టము పూర్తిగా తొలగదు. అయినను ఇది లాటరీ కాదనుటకు విజేతల పట్టికయే సాక్ష్యము. ఇజ్రాయెలు దేశీయుడు షహర్ షెన్హార్ 2013లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమునను, 2014లో ఫ్రాన్సులోని నీస్ నగరమునను వరుసగా గెలిచెను. స్పెయిను దేశీయుడు హావియర్ డొమింగెజ్ 2017లో బోస్టనున చివరి పందెమున ఓడి, మఱుసటి యేడు లాస్ వేగాస్‌లో గెలిచి, 2024లో అదే నగరమున మరల గెలిచెను. 2000లో బ్రస్సెల్స్ నగరమున చివరి పందెమాడిన జాన్ ఫింకెల్, బాబ్ మాహెర్ ఇరువురి పేకలు ఇంచుమించు ఒక్కటే. పేకలు సమానమైనపుడు వచ్చిన ముక్కలతో ఏమి చేయవలెనను ఆలోచనకే పరీక్ష, ఫింకెల్ గెలిచెను. 2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గెలిచిన నెదర్లాండ్సు బాలుడు జూలియన్ నౌటెన్ వయస్సు 15 సంవత్సరములే. మన పదవ తరగతి వయస్సు.

ఇక తలిదండ్రులకు చెప్పదలచిన మాట. ఈ ముక్కలను మూసిన పొట్లములలో అమ్ముదురు. లోపల నేమున్నదో విప్పువఱకు తెలియదు. మొదటి కాలపు పొట్లమున 15 ముక్కలుండెడివి: సాధారణమైనవి 11, అంతకన్న తక్కువగా దొరకునవి 3, అరుదైనది 1. ఒక సంపుటమున అరుదైన ముక్కలు 60 రకములనియు, అన్నియు సమానముగా వచ్చుననియు అనుకొందము. మీ అబ్బాయి కోరినది అందులో ఒకటి. 60 పొట్లములు కొన్నచో అది దొరకి తీరునని అతడు మీతో వాదింపవచ్చును. దొరకకుండుటకు సంభావ్యతను చూడుడు: ఒక్క పొట్లమున 60కి 59, 60 పొట్లములలో దానిని 60 సార్లు గుణింపగా నూటికి 36 పైగా. అనగా 60 పొట్లములకు డబ్బు పోసిన బాలురలో మూడవవంతుకు మించి వట్టిచేతులతో నుందురు. ఇంక అరువది రకములను అన్నిటిని కూడబెట్టవలెనన్నచో సగటున 280 పొట్లములు కావలెను. అచ్చువేయువారికి ఈ లెక్క బాగుగా తెలియును. కొనువారికి తెలియవలసినంత తెలియదు. కావలసిన ముక్కను తోడివారితో మార్పిడి చేసికొనుట, లేక విడిగా కొనుట ఈ లెక్క ప్రకారము చాల మేలు. ఆటను నేను మెచ్చుకొందును; పొట్లములమ్ము పద్ధతిని మెచ్చుకొనలేను.

డబ్బున్నవానిదే గెలుపా యను ప్రశ్నకు పోటీలలోనే ఒక చక్కని జవాబు గలదు. దానిని డ్రాఫ్టు అందురు. ఎనమండ్రు ఒక బల్లచుట్టు కూర్చుండి ఒక్కొక్క పొట్లమును విప్పి, ఒక ముక్కను తీసికొని, మిగిలినవానిని ఎడమప్రక్కవానికి అందింతురు. రెండవ పొట్లమును కుడివైపునకు, మూడవదానిని మరల ఎడమకు. అట్లు చేరిన ముక్కలతో 40 ముక్కల పేకను అప్పటికప్పుడు కూర్చి ఆడవలెను. ఇంటినుండి తెచ్చినదేమియు పనికిరాదు. ప్రపంచ పోటీలలో ఈ విభాగమును చేర్చుట నాకు అన్నిటికన్న న్యాయముగా తోచును. ఎదుటివాడు ఏ రంగు కోరుచున్నాడో అతడు వదలిన ముక్కలనుబట్టి ఊహించుట అందు పెద్ద విద్య.

మన పాఠశాలవంటి చోట తప్పక మాటాడవలసిన విషయ మింకొకటి గలదు: భాష. మాజిక్‌లో ప్రతి ముక్కపైనను అది చేయు పని వాక్యములలో వ్రాసియుండును. ‘చేయవచ్చును’ అన్నదానికిని ‘చేయవలెను’ అన్నదానికిని, ‘ఒక ప్రాణి’ అన్నదానికిని ‘ప్రతి ప్రాణి’ అన్నదానికిని ఉన్న భేదముచే పందెము గెలుచుటయో ఓడుటయో జరుగును. మన భాషలో నొక యుదాహరణము: ‘రాముడు సోమునితో తన పుస్తకము పోయినదని చెప్పెను.’ పోయినది ఎవరి పుస్తకము? నియమము వ్రాయువాడు ఇట్టి వాక్యము వ్రాసినచో బల్లయొద్ద తగవు తప్పదు. కావున ప్రతి ముక్కకును అధికారికమైన పాఠము ఆంగ్లమున నొకటి యుంచి, సందేహము వచ్చినపుడు న్యాయనిర్ణేత దానిని చూచి చెప్పును.

ముక్కలు ఆంగ్లముననే కాక ఫ్రెంచి, జర్మను, ఇటాలియను, స్పానిషు, జపనీయ భాషలలోను అచ్చుపడినవి. చిరకాలము పోర్చుగీసునను అచ్చుపడినవి. ఏ భాషలోని ముక్కతోనైనను పోటీలో ఆడుటకు అనుమతి గలదు. ఒకే బల్లపై ఒకడు జపనీయ ముక్కలను, ఒకడు జర్మను ముక్కలను పఱచి, బొమ్మనుబట్టి ఆనవాలు పట్టుచు ఆడుట సాధారణ దృశ్యము. భారతీయ భాషలలో ఏదియు ఆ పట్టికలో లేదు. జపాను దేశీయులు 2005లో యోకొహామాలో కత్సుహిరో మోరీచేతను, 2006లో పారిసున మకిహితో మిహారాచేతను వరుసగా ప్రపంచ విజయము నందిరి. తమ భాషలో చదివి ఆడుట వారికి బలమైనదని చెప్పుటకు మనస్సు పోవును. కాని 1997 విజేత యాకుబ్ ష్లెమర్ చెకు దేశీయుడు, 2008 విజేత ఆంటీ మాలిన్ ఫిన్లాండువాడు, నౌటెన్ డచ్చివాడు. చెకు, ఫిన్నిషు, డచ్చి భాషలలో ముక్కలు అచ్చుపడలేదు. వీరు పరభాషలో చదివిరి. ఇంటివద్ద ఏ భాషలో ఆలోచించుకొనిరో మనకు కనబడదు. బల్లపై ఫలితము మాత్రము కనబడును. నా యభిప్రాయమున, వాక్యమును విడదీసి ‘ఎవరు, దేనిని, ఎప్పుడు, తప్పనిసరిగానా’ అని ప్రశ్నించు అలవాటు ఏదో యొక భాషలో దృఢముగా కుదిరినవానికి రెండవ భాషలో అది త్వరగా అబ్బును. ఇంటిలో తెలుగు, బజారులో కన్నడమో తమిళమో ఒరియాయో మాటాడు మీకు ఈ ప్రశ్న క్రొత్త కాదు.

2020 ఫిబ్రవరిలో హవాయి దీవులలోని హొనొలూలూ నగరమున 16 మందితో జరిగిన పోటీలో మొత్తము బహుమానము పది లక్షల డాలర్లు. విజేతకు మూడు లక్షలు. అప్పుడు ముక్కలను చేతబట్టక కంప్యూటరు తెరపై ఆడిరి. చివరి పందెమున ఎదురెదురుగా కూర్చున్నవారు పోర్చుగలుకు చెందిన మార్సియో కార్వాల్యో, బ్రెజిలుకు చెందిన పాలో వితోర్ దామో ద రోజా. రెండు ఖండములవారు, మహాసముద్రము నడుమనున్న దీవిలో. ఇద్దఱి మాతృభాషయు పోర్చుగీసే. శతాబ్దముల క్రిందట సముద్రము దాటిపోయిన భాష అచ్చట నిలిచి, అచ్చటివాని నోట ప్రపంచ విజేతగా పలికెను. దామో ద రోజా గెలిచెను.

అభ్యాసము. డ్రాఫ్టున కూర్చిన 40 ముక్కల పేకలో 17 నేలలున్నవి. మొదటి 7 ముక్కలలో ఒక్క నేలయు రాకుండు సంభావ్యతను కనుగొనుడు. 40నుండి 7 ఏర్చు విధములు 1,86,43,560. మిగిలిన 23నుండి 7 ఏర్చు విధములను మీరే లెక్కింపవలెను. జవాబు నూటికి 1.3 రావలెను. అంతకు మించి వచ్చినచో గుణకారమును మరల చూచుకొనుడు. పై తరగతులవారు నేలలు సరిగా మూడే వచ్చు సంభావ్యతను కూడ కనుగొని, 24 నేలలుగల 60 ముక్కల పేకతో పోల్చి చూడుడు.